బిడ్డను అడిగారా?





ప్రతి సంవత్సరము డిగ్రీ ఫలితములు వచ్చే కాలములో మలక్‌పేటలోని మా ఇంటికి వచ్చేవారి సంఖ్య పెరుగుతుంది. ప్రార్థన కొరకు వచ్చామంటారు. ప్రార్థన ముగిసిన తరువాత కూడా కుర్చీలోనుండి లేవరు. అసలు విషయము ఇంకా బయటికి రాలేదని అప్పుడు మాకు అర్థమవుతుంది. టీ త్రాగిన తరువాత మెల్లగా అడుగుతారు: "అయ్యగారూ, పిల్లవాణ్ణి ఏం చదివించమంటారు?"

ఈ నెల ఆ ప్రశ్నలో ఒక చిన్న భాగమును గూర్చి వ్రాయాలని ఆశపడుతున్నాము. మన పిల్లలలో ఎవరైనా "నేను ఇంగ్లీషు సాహిత్యములో యం.ఏ. చేస్తాను" అంటే తల్లిదండ్రులు, కాపరులు ఏమి చెప్పాలి? ఈ విషయములో మేము ఒకసారి తప్పు చేశాము. అందుకే దీనిని వ్రాసే బాధ్యత మాపై ఉన్నదని తలంచుచున్నాము.

సుమారు 12 సంవత్సరముల క్రిందటి మాట. మేము ఈ సంఘమునకు క్రొత్తగా వచ్చిన దినములవి. మలక్‌పేట గంజిలో ఉల్లిగడ్డ బస్తాలు మోసే ఒక సహోదరుడు ఆదివారము ఆరాధన అయిన తరువాత తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ అమ్మాయి బి.ఏ. మంచి మార్కులతో పాసయింది. ఆ ఇంట్లో పదవ తరగతి దాటిన మొదటి మనిషి ఆమె.

"అయ్యగారూ, బిడ్డ ఇంగ్లీషుల ఎమ్మే చేస్తనంటుంది. ఇంక రెండేండ్లు ఎట్ల సదివియ్యాలె? మీరే ఒక మాట చెప్పుండ్రి" అన్నాడు.

మేము రెండు నిమిషములు కూడా ఆలోచించలేదు. "బి.ఎడ్. చేయించండి. ఒక సంవత్సరములో అయిపోతుంది. ఏదో ఒక బడిలో ఉద్యోగము దొరుకుతుంది. ఇంగ్లీషు సాహిత్యము మనవంటివారికి ఏ అక్కరకు వస్తుంది?" అన్నాము. తండ్రి మనస్సు తేలికపడింది. ఆ అమ్మాయి నేల చూస్తూ నిలబడింది. మేము ప్రార్థన చేశాము. ఆమె కూడా ఆమేన్ అన్నది. మంచి సలహా ఇచ్చామనుకొని ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయాము.

ఆమె బి.ఎడ్. చేసింది. ఒక ప్రైవేటు బడిలో ఉపాధ్యాయురాలైంది. వివాహమైంది, ఇద్దరు పిల్లలు. గత సంవత్సరము ఒక సాయంకాలము మిఠాయి డబ్బా పట్టుకొని మా ఇంటికి వచ్చింది. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయములో చేరి, బడి పని, ఇంటి పని చూసుకొంటూ, ఇంగ్లీషు యం.ఏ. పూర్తి చేసిందట. మేము సంతోషించాము. అంతలోనే సిగ్గుపడ్డాము కూడా. అది మా ముఖములో కనిపించిందేమో, ఆమే అన్నది:

"కోపంతోని రాలేదు అయ్యగారూ. మీరు చెప్పిన బి.ఎడ్. తోనే మా ఇంట్ల అన్నం ఉడుకుతుంది. కానీ ఆ రోజు బాపు మిమ్మల్ని అడిగిండు, మీరు బాపుకు చెప్పిన్రు. నన్నైతే ఎవ్వరు అడగలే."

ప్రియులారా, ఆ మాట ఇంకను మా చెవులలో ఉన్నది.

ఆనాడు అట్లు ఎందుకు చెప్పామని మమ్మును మేము ప్రశ్నించుకొన్నాము. ఆ కుటుంబము పేదరికము ఒక కారణము. కానీ అంతకంటె పెద్ద కారణము మాలోనే ఉన్నది. మేము తెలుగు మాధ్యమములో చదివి, వేదాంత డిప్లొమా చేసినవారము. బైబిలు కళాశాల గ్రంథాలయములో మంచి వ్యాఖ్యాన గ్రంథములన్నీ ఇంగ్లీషులోనే ఉండేవి. నిఘంటువు ప్రక్కన పెట్టుకొని ఒక్క పేజీ చదువుటకు ఒక సాయంకాలము పట్టేది. ఆ భయము మాలో మిగిలిపోయింది. మా భయమును ఆ బిడ్డ మీద పెట్టి, దానికి జ్ఞానము అని పేరు పెట్టాము. పెద్దలమైన మనము ఇట్టి పని ఎన్నిసార్లు చేస్తామో కదా!

అందుచేత ఈ చదువును గూర్చి తెలుసుకొనుటకు కొంత ప్రయాసపడ్డాము. తెలిసినది మీతో పంచుకొంటున్నాము.

మొదట ఒక అపోహ తొలగాలి. "యం.ఏ. ఇంగ్లీషు చేస్తే ఇంగ్లీషు మాట్లాడటం వస్తుంది" అని చాలామంది అనుకొంటారు. అది దిల్‌సుఖ్‌నగర్‌లోని కోచింగ్ సెంటరు మూడు నెలలలో చేస్తానని చెప్పే పని. యం.ఏ. అది కాదు. రెండు సంవత్సరములు, నాలుగు సెమిస్టర్లు చదవాలి. చాసర్, షేక్‌స్పియర్, మిల్టన్ మొదలుకొని నవల, నాటకము, సాహిత్య విమర్శ, భాషాశాస్త్రము, భారతీయులు ఇంగ్లీషులో వ్రాసిన రచనలు, ఆఫ్రికా, అమెరికా రచయితల పుస్తకములు అందులో ఉంటాయి. ఒక మనిషి ఒక మాటను ఎందుకు అట్లు వ్రాశాడో, ఆ మాట వెనుక ఏ కాలమున్నదో నిదానముగా చూచుట నేర్పే చదువు అది. చదవడమంటే విసుగు ఉన్నవారికి అది చెర వంటిది. చదవకుండా ఉండలేనివారికి నీళ్లున్న బావి వంటిది.

ఆ బావి మన మలక్‌పేటకు దూరములో లేదు. చాదర్‌ఘాట్ వంతెన దాటితే కోఠి. అక్కడి మహిళా కళాశాల 1924లో ఆరంభమైంది. బ్రిటిష్ రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ 19వ శతాబ్దము మొదట్లో కట్టించిన రెసిడెన్సీ భవనములోనికి అది 1949లో వచ్చింది. 2022లో మహిళా విశ్వవిద్యాలయమైంది. ఇప్పుడు వీరనారి చాకలి ఐలమ్మ పేరుతో పిలువబడుచున్నది. ఒకప్పుడు దొరలు కొలువుతీరిన ప్రాంగణము నేడు బట్టలుతికే కులములో పుట్టి, తన భూమి కొరకు పోరాడిన స్త్రీ పేరు ధరించింది. ఆ గుమ్మములో అడుగుపెట్టుటకు మన ఆడపిల్లలు జంకవలసిన పని లేదు.

అంబర్‌పేట మీదుగా కొంచెము ముందుకు పోతే ఉస్మానియా విశ్వవిద్యాలయము. 1919లో తరగతులు మొదలైనప్పుడు అక్కడ బోధన ఉర్దూలో జరిగేది, అయినను ఇంగ్లీషు తప్పనిసరి భాషగా ఉండేది. దాని ప్రక్కనే 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ స్థాపించబడినది. 1972లో విదేశీ భాషలు కూడా చేరి, అందరి నోట సీఫెల్ అయింది. 2007 నుండి అది కేంద్ర విశ్వవిద్యాలయము. ఇప్పుడు ఇఫ్లూ అంటున్నారు. ఇంగ్లీషు భాషాసాహిత్యముల కొరకు దేశము నలుమూలల నుండి పిల్లలు వచ్చి చదివే చోటు మనకు ఒక బస్సు దూరములో ఉన్నది. గచ్చిబౌలిలో 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము కూడా ఉన్నది.

"ఇది పరాయివారి సాహిత్యము కదా" అని ఒక పెద్దాయన మమ్మును అడిగారు. మంచి ప్రశ్నే. తెల్లవారు తమ పాలనకు అనుకూలముగా దీనిని మన దేశములో పెట్టారన్నది నిజము. ఆక్స్‌ఫర్డులో ఇంగ్లీషు సాహిత్యము డిగ్రీ చదువుగా స్థిరపడినది 1890లలోనే. అంతకు ఎంతో ముందునుండే మన దేశపు కళాశాలలలో దానిని చెప్పేవారు. గౌరీ విశ్వనాథన్ అను పండితురాలు 1989లో 'మాస్క్స్ ఆఫ్ కాంక్వెస్ట్' అను గ్రంథములో ఈ చరిత్రను విప్పి చూపారు. ఆమె కూడా ఇంగ్లీషు సాహిత్యము చదివినవారే అన్నది గమనించండి. ఆ చదువు ఆమెను దాసురాలిని చేయలేదు, ప్రశ్నించేదానిని చేసింది.

మన వేదములో దానియేలు సంగతి చూడండి. చెరపట్టబడిన యౌవనుడు. బబులోను రాజు అతనికి మూడు సంవత్సరములు కల్దీయుల భాషను, వారి విద్యను నేర్పించాడు. అదియు పరాయి సాహిత్యమే. దానియేలు నేర్చుకొననని అనలేదు. రాజు భోజనము వద్దన్నాడు గాని రాజు పుస్తకములు వద్దనలేదు. ఏది తీసుకోవాలో, ఏది విడిచిపెట్టాలో అతనికి తెలుసు. మన పిల్లలకు మనము నేర్పవలసినది ఆ వివేచనే.

విశ్వాసమును గూర్చి తల్లులు భయపడతారు. "ఆ పుస్తకాలు చదివితే పిల్ల మందిరానికి రావడం మానేస్తుందేమో" అంటారు. ఆ భయమును మేము తేలికగా తీసిపారవేయము. ఆ సిలబసులో సందేహములు వ్రాసినవారున్నారు. మాథ్యూ ఆర్నాల్డ్ 1867లో ప్రచురించిన 'డోవర్ బీచ్' కవితలో విశ్వాసము లోకములోనుండి వెనుకకు తీసిపోవుచున్నదని దుఃఖపడ్డాడు. అట్లని మిల్టన్‌ను మరువరాదు. చూపు పోయిన తరువాత ఆయన నోటితో చెప్పి, ఇతరులచేత వ్రాయించిన 'ప్యారడైజ్ లాస్ట్' 1667లో వెలువడింది. ఆదికాండము తెలియకుండా అది అర్థము కాదు. జాన్ బన్యన్ చెరసాలలో దాదాపు 12 సంవత్సరములు గడిపినవాడు. 1678లో వచ్చిన ఆయన పుస్తకమునే మన పెద్దలు 'యాత్రికుని ప్రయాణము' అని తెలుగులో చదువుకొన్నారు. జార్జ్ హెర్బర్ట్ పల్లెటూరి సంఘ కాపరి. జాన్ డన్ లండనులోని సెయింట్ పాల్ దేవాలయపు పెద్ద గురువు. సండే స్కూలులో పెరిగిన మన పిల్లలకు ఈ పుస్తకములలో ఎన్నో పేర్లు ముందే తెలిసియుంటాయి. మా సంఘపు సహోదరి మాతో ఇట్లన్నది: "క్లాసుల యోబు పేరు వస్తే నాకొక్కదానికే కథ మొత్తం తెలుసు అయ్యగారూ. మొదటిసారి నేను అందరికి చెప్పిన."

సందేహము వచ్చిన బిడ్డను కసరకండి. ఆమెతో కూర్చుండి ఆ పద్యము మీరు కూడా వినండి. ఇంట్లో మాట్లాడలేని సందేహమే బయట పెద్దదవుతుంది.

ఇక లెక్కల సంగతి. గోపురము కట్టదలచినవాడు మొదట కూర్చుండి ఖర్చు చూసుకోవాలని ప్రభువు చెప్పిన ఉపమానము లూకా 14వ అధ్యాయములో ఉన్నది. ఈ చదువుకు కూడా అట్లే కూర్చోవాలి.

యం.ఏ. పట్టా చేతికి రాగానే ఉద్యోగము ఎదురుచూస్తూ ఉండదు. ఇది స్పష్టముగా చెప్పాలి. బడిలో బోధించుటకు సాధారణముగా బి.ఎడ్. కావాలి. ప్రభుత్వ జూనియర్ కళాశాలలో అధ్యాపకుడగుటకు పోటీ పరీక్ష వ్రాయాలి. తెలంగాణలో 2022 డిసెంబరులో అన్ని సబ్జెక్టులకు కలిపి 1,392 జూనియర్ లెక్చరర్ పోస్టులకు ప్రకటన వచ్చింది. నియామక పత్రములు అందేసరికి 2025 మార్చి అయింది. ఆ రెండు సంవత్సరములకు పైగా ఇల్లు ఎట్లు గడవాలి? ముందే ఆలోచించాలి.

డిగ్రీ కళాశాలలో గాని విశ్వవిద్యాలయములో గాని బోధించాలంటే సాధారణముగా నెట్ లేక సెట్ పాసు కావాలి. నెట్ సంవత్సరమునకు రెండుసార్లు జరుగుతుంది. రెండు పేపర్లు, 150 ప్రశ్నలు, 300 మార్కులు, 3 గంటలు. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగమునకు పిహెచ్.డి. తప్పనిసరి కాదని, నెట్ లేక సెట్ కనీస అర్హత అని యు.జి.సి. 2023లో ప్రకటించింది. నెట్‌లో మిక్కిలి మంచి మార్కులు వస్తే పరిశోధనకు జె.ఆర్.ఎఫ్. అను వేతనము ఇస్తారు. అది 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలైంది. బీద ఇంటి బిడ్డ పిహెచ్.డి. చేయుటకు ఇది గొప్ప ఆధారము. కానీ అందరికీ రాదు. యం.ఫిల్. ను 2022లో తీసివేశారు, కనుక ఇప్పుడు యం.ఏ. తరువాత నేరుగా పిహెచ్.డి. యే.

మరొక మాట. దళిత కుటుంబములనుండి క్రైస్తవులైనవారికి మన రాష్ట్రములో బి.సి.-సి గ్రూపు క్రింద 1 శాతము రిజర్వేషను ఉన్నది. ప్రవేశ ప్రకటన వచ్చిన తరువాత కార్యాలయముల చుట్టూ పరుగెత్తకుండా, కులము, ఆదాయము ధృవపత్రములు వేసవిలోనే సిద్ధము చేసుకోండి. రాష్ట్ర విశ్వవిద్యాలయములకు సి.పి.జి.ఇ.టి., హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు సి.యు.ఇ.టి. పి.జి. ప్రవేశ పరీక్షలు. రెండూ వ్రాయడము మంచిది. ఇంటి బాధ్యతల వలన రోజూ వెళ్లలేనివారికి మా సహోదరి నడిచిన సార్వత్రిక విశ్వవిద్యాలయపు దారి ఉన్నది. 1982లో ఆరంభమైన ఆ విశ్వవిద్యాలయము దేశములోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము.

ఈ జూన్ మాసములో మరొక తండ్రి వచ్చారు. ఆటో నడుపుతారు. కుమారుడు బి.ఏ. పాసయ్యాడు. "ఇంగ్లీషు ఎమ్మే అంటున్నడు అయ్యగారూ, మీరు చెప్తె ఇంటడు" అన్నారు.

ఈసారి మేము వెంటనే చెప్పలేదు. "అన్నా, బాబును అడిగారా?" అన్నాము. ఆయన తెల్లబోయి కుమారుని వైపు చూశారు. అప్పుడు ఆ యౌవనుని కూర్చోబెట్టి మూడు ప్రశ్నలు అడిగాము.

మొదటిది: "పరీక్ష కోసం కాకుండా, ఈ సంవత్సరములో నీవు స్వంతముగా చదివిన ఇంగ్లీషు పుస్తకమేది?" అతడు నాలుగు పేర్లు చెప్పాడు. అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో కూర్చుండి చదివాడట. ఆ సంగతి తండ్రికి కూడా తెలియదు.

రెండవది: "అయిదు సంవత్సరములు ఉద్యోగము రాకపోతే ఎట్లు బ్రతుకుతావు?" అతడు తడబడ్డాడు. మేము తండ్రీకొడుకులకు ఒక తెల్లకాగితము ఇచ్చి, ఇంటి అద్దె, ఆటో కిస్తీ, చెల్లెలి చదువు అన్నీ వ్రాయించాము. సాయంకాలములు ట్యూషను చెప్పి కొంత తెస్తానన్నాడు. యం.ఏ. తరువాత బి.ఎడ్. కూడా చేయుటకు ఒప్పుకొన్నాడు. ఆ కాగితము చూచిన తరువాత తండ్రి స్వరము మారింది.

మూడవది: "నీవు చదివినది ఎవరికి తెస్తావు?" ఈ ప్రశ్నకు అతని యొద్ద జవాబు లేదు. ఇరువది యేండ్లకు ఎవరికీ ఉండదు. కనుక మేము ఒక సంగతి చెప్పాము. 1895లో మన హైదరాబాదు అమ్మాయి ఒకతె నిజాము ఇచ్చిన విద్యార్థి వేతనముతో ఇంగ్లండు వెళ్లింది. అక్కడ ఇంగ్లీషు కవులవలె ఇంగ్లండు పక్షులను, పూలను గూర్చి వ్రాసేది. ఎడ్మండ్ గాస్ అను విమర్శకుడు, అది కాదమ్మా, నీ దేశమును గూర్చి వ్రాయుము అని హితవు చెప్పాడు. ఆమె విన్నది. ఆమే సరోజినీ నాయుడు. 1905లో వచ్చిన ఆమె మొదటి కవితా సంపుటి పేరు 'ది గోల్డెన్ త్రెషోల్డ్'. అదే పేరుగల ఆమె కుటుంబపు ఇంటిలోనే 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము మొదలైంది.

సీఫెల్‌లో ఇంగ్లీషు బోధించిన సూసీ తారు, ఇదే నగరమునకు చెందిన కె. లలితతో కలిసి 1991, 1993 సంవత్సరములలో 'విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా' అను రెండు సంపుటములు వెలువరించారు. తెలుగుతో కూడ 11 భాషల స్త్రీల రచనలు ఆ విధముగా లోకమునకు అందినవి. తెలుగు క్రైస్తవ కుటుంబములో పుట్టిన సుజాత గిడ్ల తన ఇంటివారి కథను 2017లో 'ఆంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' అని ఇంగ్లీషులో వ్రాశారు. అంటరానివారిగా చూడబడిన ఒక కుటుంబము కథను దేశదేశములలో చదివారు. మన అమ్మమ్మల సాక్ష్యములు, మన బస్తీల జీవితము ఇంకను ఎంతో వ్రాయబడక ఉన్నది. ఇంగ్లీషు బాగుగా నేర్చి, తెలుగు మరువని బిడ్డ ఆ పని చేయగలడు.

ఆ యౌవనుడు ప్రవేశ పరీక్ష వ్రాశాడు. సీటు వచ్చినదో లేదో ఈ మాటలు వ్రాసే నాటికి తెలియదు. పరీక్షకు ముందు నెల రోజులు అతనికి పాఠములు చెప్పినది ఎవరో తెలుసా? 12 సంవత్సరముల క్రిందట మేము అడగక విడిచిపెట్టిన ఆ సహోదరియే. బడి వదిలిన తరువాత, తన పిల్లలను ప్రక్కన కూర్చోబెట్టుకొని, మందిరపు వరండాలో అతనికి చెప్పింది. మేము దూరమునుండి చూచి దేవునికి స్తోత్రము చెప్పుకొన్నాము, మనస్సులో ఆమెను క్షమాపణ అడిగాము. తరువాత మనస్సులో అడిగితే చాలదని తోచి, ఒక ఆదివారము ఎదుట నిలిచి అడిగాము. "అయ్యో, అట్లనకుండ్రి అయ్యగారూ" అని ఆమె కన్నీళ్లు తుడుచుకొన్నది.

ప్రియమైన తల్లిదండ్రులారా, ప్రతి బిడ్డ ఇంగ్లీషు యం.ఏ. చేయాలని మేము చెప్పుటలేదు. కొందరికి అది తగదు, కొన్ని ఇండ్లకు ఆ భారము మోయుట సాధ్యము కాదు. ఆ మాట బిడ్డకు చెప్పవలసివస్తే కూడా, ఎదుట కూర్చుండి, కాగితము మీద లెక్క చూపి, ప్రేమతో చెప్పండి. అయితే కాపరి యొద్దకు వచ్చుటకు ముందు, చుట్టాల యొద్దకు పోవుటకు ముందు, ఒక్క రాత్రి భోజనమైన తరువాత ఆ బిడ్డనే అడగండి: "అమ్మా, నీకు ఏమి చదవాలని ఉన్నది? ఎందుకు?"

జవాబు చెప్పేవరకు ఓపికతో ఉండండి.

ప్రభువు మీ కుటుంబములను దీవించునుగాక.

మీ సంఘ సేవకుడు,
మలక్‌పేట